మాత్రలు రాసిన సైకాలజిస్ట్ అసలు డాక్టరే కాదా?

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 33 ఏళ్లు. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆమె హెచ్4 వీసా మీద ఇంటి పట్టునే ఉంటున్నారు. మొన్నటి వేసవి దాకా న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో ఉండేవారు. పాప అక్కడే పుట్టింది. కాన్పు తర్వాత మూడో నెల నుంచి నిద్ర కరువైంది. పాపను ఎత్తుకోవాలనిపించేది కాదు, కారణం లేకుండా ఏడుపు వచ్చేది. సాయానికి వచ్చిన అమ్మ వీసా గడువు అయిపోయి ఇండియా వెళ్లిపోయాక ఇంకా కుంగిపోయారు. పిల్లల డాక్టర్ అది గమనించి ఒక సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆ సైకాలజిస్ట్ వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడేవారు. కొన్నాళ్లకు థైరాయిడ్ పరీక్ష చేయించమని, ఆ రిపోర్టు వచ్చాక ఫ్యామిలీ డాక్టర్‌తో మాట్లాడి, దిగులు తగ్గించే సెర్ట్రలిన్ అనే మాత్ర తనే రాశారు. "నెలన్నరకి మళ్లీ మనిషినయ్యాను" అని రాశారు పాఠకురాలు.

భర్త ఉద్యోగం మారడంతో టెక్సస్ వచ్చారు. ఇక్కడి మందుల షాపులో రీఫిల్ అడిగితే, సైకాలజిస్ట్ రాసిన చీటీకి ఈ రాష్ట్రంలో మందు ఇవ్వడం కుదరదన్నారు. సైకియాట్రిస్ట్ (మానసిక వైద్యం చదివిన డాక్టర్) అపాయింట్‌మెంట్ రెండున్నర నెలల తర్వాత దొరికింది. చేతిలో ఉన్నవి 22 మాత్రలు. అందుకని ఆదా చేద్దామని రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. వారం నుంచి తల తిరుగుతోంది, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటోంది, పిచ్చి కలలు వస్తున్నాయి, ఏడుపు మళ్లీ మొదలైంది.

ఇది చూసి భర్త, "ఆ మందుకి నువ్వు అలవాటు పడిపోయావు. నీకు మందు రాసినావిడ పీహెచ్‌డీ డాక్టరే తప్ప వైద్యం చదివిన డాక్టర్ కాదు. ప్రతిసారీ ఫ్యామిలీ డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగేదంటేనే తెలియడంలా ఆమెకేం రాదని?" అంటున్నారు. రెండో బిడ్డ గురించి ఆలోచించాలి కాబట్టి ఎలాగూ ఆ మాత్రలు మానేయాల్సిందేనని ఖమ్మం నుంచి అత్తగారు ఫోన్‌లో చెబుతున్నారు. వచ్చే నెల హైదరాబాద్ నుంచి వస్తున్న మరిది, "ఆరు నెలలకి సరిపడా నేను తెస్తాలే వదినా" అన్నాడట. భర్త కంపెనీకి కొలరాడోలోని డెన్వర్‌లోనూ ఆఫీసు ఉంది. కొలరాడోలో సైకాలజిస్టులు మందులు రాయవచ్చని చట్టం వచ్చిందని చదివి, అక్కడికి మారదామని అడగాలా అని కూడా ఆలోచిస్తున్నారు.

చివర్లో రెండు ప్రశ్నలు వేశారు. "ఏడాదిన్నర పాటు నన్ను మోసం చేశారా? ఇప్పుడు నేనేం చేయాలి?"

*

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఆగదు.

రోజు విడిచి రోజు మాత్ర వేసుకోవడం దయచేసి ఆపండి. సెర్ట్రలిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు 26 గంటలు పడుతుంది. అంటే రెండో రోజు మాత్ర వేసుకునే వేళకి మందు చాలావరకు దిగిపోయి ఉంటుంది. అప్పుడు మళ్లీ వేసుకుంటారు, మళ్లీ దిగిపోతుంది. మీరు రాసిన తల తిరగడం, షాక్ కొట్టినట్టు ఉండడం, పిచ్చి కలలు, చిరాకు, ఏడుపు, ఇవన్నీ ఈ రకం మందు ఉన్నట్టుండి తగ్గించినప్పుడు చాలామందిలో కనిపించేవే. మత్తుమందుకు బానిసైనట్టు కాదు ఇది. మీ వారు చూస్తున్నది మందు చేసిన పని కాకపోవచ్చు, మందు అందకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కావచ్చు. పాత జబ్బు తిరిగి తొంగిచూస్తున్నదా అన్నది ఇంకో ప్రశ్న. ఆ రెండింటినీ వేరు చేసి చెప్పగలిగేది మిమ్మల్ని పరీక్షించేవాళ్లే.

మోతాదు సంగతి నేను చెప్పకూడదు. కానీ ఆల్బకర్కీలోని మీ సైకాలజిస్ట్ ఆఫీసుకు ఈరోజే ఫోన్ చేయండి. ఆవిడ టెక్సస్‌లో మీకు మందు రాయలేకపోవచ్చు కానీ, మీ ఫోన్ ఎత్తకూడదని ఏ చట్టమూ చెప్పదు. ఇలా రోజు విడిచి రోజు వేసుకున్నానని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రోజువారీ మోతాదుకు ఎలా తిరిగి రావాలో అడగండి. బతకాలని లేదు అనిపించినా, పాపకేమైనా చేస్తానేమో అని భయం వేసినా, ఎవరి సలహా కోసమూ ఆగకుండా, ఇలాంటి ఆపదలో ఆదుకునే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి. బిడ్డ తల్లుల కోసం, గర్భిణుల కోసం ప్రత్యేకంగా 1-833-852-6262 అనే నంబరు కూడా ఉంది. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక మోసం సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ మాటే. మిమ్మల్ని నిలబెట్టిన మనిషి మీద మీకే అనుమానం వచ్చింది. ఆ అనుమానం అక్కర్లేదని నేను అనుకుంటున్నాను. కారణం చెబుతాను.

మన దగ్గర సైకాలజిస్ట్ మందు రాయడమన్నది లేదు. హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్ట్ ఎంత పెద్ద పేరున్నవారైనా మాట్లాడి వైద్యం చేస్తారు, పరీక్షలు చేస్తారు. మాత్ర అవసరమైతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపిస్తారు. అది చూస్తూ పెరిగిన మీ వారికి, సైకాలజిస్ట్ మాత్ర రాసిందంటే ఏదో తప్పు జరిగిందనిపించడం సహజం. అమెరికాలోనూ ఎక్కువ రాష్ట్రాల్లో పద్ధతి ఇదే. కానీ న్యూ మెక్సికో వేరు. అక్కడ 2002లో అప్పటి గవర్నర్ గ్యారీ జాన్సన్ సంతకంతో ఒక చట్టం వచ్చింది. ప్రత్యేక శిక్షణ పొందిన సైకాలజిస్టులు మానసిక సమస్యలకు మందులు రాయవచ్చన్న మొదటి రాష్ట్రం అదే. విశాలమైన రాష్ట్రం, జనం తక్కువ, ఊళ్ల మధ్య దూరాలు ఎక్కువ. సైకియాట్రిస్టులు ఉన్న కొద్దిమందీ పెద్ద ఊళ్లలోనే ఉండేవారు. ఆ కొరతే ఆ చట్టం వెనకున్న ముఖ్యమైన వాదన.

అలాగని పీహెచ్‌డీ ఉంటే చాలు, చీటీల పుస్తకం చేతికిచ్చేస్తారని కాదు. ఆ చట్టం పెట్టిన షరతులు చూడండి. సైకాలజీలో డాక్టరేట్, లైసెన్స్ ఉన్న తర్వాత మందుల శాస్త్రం, శరీర ధర్మాలు వగైరా కనీసం 450 గంటల తరగతులు చదవాలి. ఒంటి జబ్బులను పరీక్షించి గుర్తించడంలో 80 గంటల శిక్షణ ఉంటుంది. ఆ పైన డాక్టర్ల పర్యవేక్షణలో 400 గంటలు, 100 మందికి తగ్గకుండా రోగులను చూడాలి. జాతీయ స్థాయి పరీక్ష పాసవ్వాలి. అప్పుడు కూడా మొదట ఇచ్చేది షరతులతో కూడిన అనుమతే. రెండేళ్లు ఒక డాక్టర్ పర్యవేక్షణలో రాశాకే సొంతంగా రాసే సర్టిఫికెట్‌కు అర్హత వస్తుంది.

ఇంకొక షరతు ఉంది. మీ వారికి చదివి వినిపించమని అడిగేది ఇదే. మందు రాసే సైకాలజిస్ట్, ఆ రోగి మామూలు ఆరోగ్యం చూసే డాక్టర్‌తో ఎప్పటికప్పుడు సంప్రదిస్తూ ఉండాలని చట్టమే చెబుతోంది. ఆవిడ ప్రతిసారీ మీ ఫ్యామిలీ డాక్టర్‌కు ఫోన్ చేసింది తెలియక కాదు, చేయాలి కాబట్టి. థైరాయిడ్ పరీక్ష చేయించిందీ అందుకే. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా వచ్చినా నీరసం, దిగులు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. దిగులుకు మందు మొదలుపెట్టేముందు అది తేల్చుకోవడం మంచిది. మీ ఉత్తరం ప్రకారం ఆవిడ ఆ క్రమం తప్పలేదు. మీ వారు లోపం అనుకుంటున్నదే నాకు ఆవిడ జాగ్రత్తకు సాక్ష్యంగా కనిపిస్తోంది.

నా మాట మీదే నమ్మమని అనను. న్యూ మెక్సికో సైకాలజిస్టుల బోర్డు వెబ్‌సైట్‌లో ఎవరి లైసెన్స్ అయినా పేరు కొట్టి చూసుకోవచ్చు. మీ వారినే కూర్చోబెట్టి చూడమనండి. మందులు రాసే అనుమతి ఆవిడకు ఉందో లేదో అక్కడ తేలిపోతుంది. ఒకవేళ లేదని తేలితే, అప్పుడు నేను పైన రాసినదంతా పక్కన పెట్టి, ఆ బోర్డుకే ఫిర్యాదు చేయమంటాను.

మీ వారి అనుమానాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఆయన అడిగిన ప్రశ్నే అమెరికాలో ముప్పై ఏళ్లుగా నలుగుతోంది. 1991 నుంచి 1997 దాకా అక్కడి రక్షణ శాఖ పదిమంది సైన్యం సైకాలజిస్టులకు మందులు రాయడంలో శిక్షణ ఇచ్చి చూసింది. ఆ తర్వాతే రాష్ట్రాల్లో చట్టాల మాట గట్టిగా మొదలైంది. న్యూ మెక్సికో తర్వాత 2004లో లూసియానా, పదేళ్ల విరామం తర్వాత 2014లో ఇల్లినాయ్, 2016లో అయోవా, 2017లో ఐడహో, 2023లో కొలరాడో, 2024లో యూటా. ఇరవై రెండేళ్లలో ఏడు రాష్ట్రాలు. ఒరెగాన్‌లో శాసనసభ 2010లో ఒకసారి, 2017లో ఇంకోసారి బిల్లు పాస్ చేస్తే రెండుసార్లూ గవర్నర్లు వీటో చేశారు. హవాయిలో 2007లో అదే జరిగింది. డాక్టర్ల సంఘాలు, సైకియాట్రిస్టుల సంఘం గట్టిగా వ్యతిరేకిస్తూనే ఉన్నాయి. మెడికల్ కాలేజీ చదువుకి ఈ శిక్షణ సాటి రాదని, గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్న మనిషికి మందుల మధ్య తేడా కొడితే ఎవరు పట్టుకుంటారని వాళ్ల ప్రశ్న. అది నిజమైన భయమే. అందుకే ఇల్లినాయ్ చట్టంలో 17 ఏళ్ల లోపువారికీ, 65 దాటినవారికీ, గర్భిణులకూ, తీవ్రమైన ఒంటి జబ్బులున్నవారికీ సైకాలజిస్టులు మందు రాయకూడదని పెట్టారు. లూసియానాలో వాళ్లను డాక్టర్ల బోర్డు కిందికే తెచ్చారు. ఏ రాష్ట్రం ఎక్కడ గీత గీసిందన్నదే తేడా.

నా అభిప్రాయం అడిగితే, సైకియాట్రిస్ట్ కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సిన చోట, ఇన్ని షరతుల మధ్య ఈ అనుమతి ఇవ్వడం మంచిదే. వారం వారం గంటసేపు కూర్చుని మీ మాట విన్న మనిషే మందు పనిచేస్తోందో లేదో చూడటంలో ఒక మేలుంది. మీకు జరిగింది ఆ మేలే.

కానీ ఆ మేలు రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగిపోయింది. టెక్సస్‌లో సైకాలజిస్టులకు ఈ అధికారం లేదు. ఏ వైద్యానికైనా రోగి ఆ సమయంలో ఏ రాష్ట్రంలో ఉన్నారో అక్కడి చట్టమే వర్తిస్తుంది. కాబట్టి ఆవిడ వీడియోలో మిమ్మల్ని చూసి అక్కడి నుంచి చీటీ పంపడం కూడా కుదరదు. మాట్లాడే వైద్యం వీడియోలో కొనసాగించడానికి ఆవిడకు టెక్సస్ అనుమతి ఉందేమో ఆవిడనే అడగండి. షాపులో మందు ఇవ్వనన్న ఫార్మసిస్ట్ మిమ్మల్ని అవమానించలేదు, తన రాష్ట్రం చట్టం చూసుకున్నారు, అంతే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. అన్నిటికంటే దగ్గర దారిని మీరు ఉత్తరంలో ప్రస్తావించనే లేదు. ఇక్కడ టెక్సస్‌లో ఒక ఫ్యామిలీ డాక్టర్. సెర్ట్రలిన్ రాయడానికి సైకియాట్రిస్టే కానక్కర్లేదు. అమెరికాలో దిగులుకు వాడే మందుల్లో పెద్ద భాగం రాసేది మామూలు డాక్టర్లే. మీ ఇన్సూరెన్స్ తీసుకునే ఫ్యామిలీ డాక్టర్ ఆఫీసుకు ఫోన్ చేసి, "కొత్తగా ఈ ఊరు వచ్చాను, నడుస్తున్న మందు అయిపోతోంది" అని చెప్పండి. ఊరికే కొత్త పేషెంట్ అంటే నెల తర్వాత ఇస్తారు. మందు అయిపోతోందంటే చాలాచోట్ల ముందుకు జరుపుతారు. సెర్ట్రలిన్ ప్రభుత్వం ప్రత్యేకంగా నియంత్రించే మత్తు కలిగించే మందుల జాబితాలో లేదు కాబట్టి, టెక్సస్ లైసెన్స్ ఉన్న డాక్టర్ వీడియోలో చూసి కూడా రాయవచ్చు.

వెళ్లే ముందు ఆల్బకర్కీ నుంచి ఒక కాగితం తెప్పించుకోండి. జబ్బు పేరు, మందు, మోతాదు, ఎప్పుడు మొదలైంది, థైరాయిడ్ రిపోర్టు, ఎంత మేలు కనిపించింది, ఇవన్నీ ఒక పేజీలో రాసిమ్మని అడగండి. మీ సంతకంతో అనుమతి పత్రం పంపితే నేరుగా కొత్త డాక్టర్‌కే పంపిస్తారు. ఈ కాగితం లేకపోతే కొత్త డాక్టర్ మొదటి నుంచీ మళ్లీ అడుగుతారు, కొందరు జంకుతారు కూడా. ఫ్యామిలీ డాక్టర్‌తో వచ్చే లోటేమిటంటే, పావుగంటలో చూసి పంపించేస్తారు. మాట్లాడే వైద్యానికి వేరే సైకాలజిస్ట్‌నో కౌన్సెలర్‌నో మీరే వెతుక్కోవాలి.

రెండోది, సైకియాట్రీలో ప్రత్యేక శిక్షణ ఉన్న నర్స్ ప్రాక్టీషనర్. టెక్సస్‌లో వాళ్లు ఒక డాక్టర్‌తో ఒప్పందం మీద మందులు రాస్తారు. సైకియాట్రిస్ట్ కంటే త్వరగా దొరికే అవకాశం ఎక్కువ. రెండున్నర నెలల తర్వాతి సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్‌ను మాత్రం వదులుకోకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

ఆల్బకర్కీకి వెళ్లి, అక్కడే మీ పాత సైకాలజిస్ట్‌కు చూపించుకుని, అక్కడి షాపులోనే మందు కొనుక్కు రావడం కూడా ఒక దారే. ఇంకేదీ కుదరకపోతే ఆలోచించండి. పాపతో ప్రయాణం, విమానం ఖర్చు పెట్టి కొన్నాళ్లు గడుపుతారు. ఆ తర్వాత మళ్లీ ఇదే సమస్య.

మరిది తెచ్చే మాత్రల గురించి ఆలోచించి చెబుతున్నాను. ప్రేమతోనే అన్నాడు, అందులో అనుమానం లేదు. కానీ ఇండియాలోనూ అది డాక్టర్ చీటీ మీద అమ్మాల్సిన మందు. వేరొకరి కోసం ఆరు నెలల మందు పెట్టెలో పెట్టుకుని అమెరికాలో దిగితే కస్టమ్స్ వాళ్లు అడ్డుకోవచ్చు. అంతకంటే ముఖ్యం, ఆరు నెలలు ఏ డాక్టరూ మిమ్మల్ని చూడరు. మోతాదు పెంచాలా, తగ్గించాలా, ఇక చాలా అన్నది ఎవరు చెబుతారు? అతను వచ్చేది వచ్చే నెల, రోజుకొకటి వేసుకుంటే మీ మాత్రలు అంతకు ముందే అయిపోవచ్చు. ఆ దారి మీకు సమయానికి అక్కరకు రాకపోవచ్చు.

మానేయడమనే దారి కూడా ఉంది. అది తప్పు దారి అని నేను అనను. ఏడాదిన్నర వాడారు, బాగున్నారు, ఇక మానవచ్చేమో అన్నది అడగదగ్గ ప్రశ్నే. కాకపోతే ఇల్లు మారి, ఊరు కొత్తదై, తెలిసినవాళ్లు లేని సమయంలో, మాత్రలు దొరకలేదన్న కారణంతో మానడానికీ, డాక్టర్ చూస్తుండగా వారాల తరబడి కొద్ది కొద్దిగా తగ్గించుకుంటూ మానడానికీ చాలా తేడా ఉంది. మొదటి పద్ధతిలో జబ్బు తిరగబెడితే అది మందు మానినందుకో, మానిన తీరుకో ఎవరూ చెప్పలేరు.

డెన్వర్ సంగతి. దీని కోసం మాత్రం మారవద్దు. చట్టం వచ్చిన మర్నాటి నుంచే ఆ రాష్ట్రంలో సైకాలజిస్టులందరూ మందులు రాసేయరు. నియమాలు తయారవ్వాలి, ఆసక్తి ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి చదవాలి, పర్యవేక్షణలో పనిచేయాలి. చట్టం ఉన్న రాష్ట్రాల్లోనూ అలాంటివాళ్లు కొద్దిమందే. మీ ఆల్బకర్కీ సైకాలజిస్ట్ లైసెన్స్ అక్కడికి దానంతట అది రాదు. కొలరాడోలోనూ మీరు కొత్త మనిషిని వెతుక్కోవాల్సిందే. మీ వారి ఉద్యోగానికో, మీ చదువుకో డెన్వర్ మంచిదైతే అది వేరే లెక్క.

రెండో బిడ్డ విషయానికి వస్తే, ఇక్కడ సైకాలజిస్టా, సైకియాట్రిస్టా అన్న ప్రశ్నే మారిపోతుంది. మొదటి కాన్పు తర్వాత ఇంత దిగులు వచ్చినవాళ్లకు రెండోసారీ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ. గర్భంతో ఉండగా మందు కొనసాగించాలా, తగ్గించాలా అన్నది గర్భం రాకముందే కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. గర్భిణులకు సెర్ట్రలిన్ కొనసాగించడం డాక్టర్లు తరచుగా చేసేదే. మందు వల్ల ఉండే రిస్కు ఎంత, మందు లేకుండా దిగులు తిరగబెడితే తల్లికీ బిడ్డకీ ఉండే రిస్కు ఎంత, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. "ఎలాగూ మానేయాల్సిందే" అన్న అత్తగారి మాటలో ఈ రెండో సగం లేదు. ఆ సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ వదులుకోవద్దని అన్నది దీనికోసమే. ఈలోగా ఫ్యామిలీ డాక్టరో, ప్రసూతి డాక్టరో ఈ విషయంలో తటపటాయిస్తే, టెక్సస్‌లో పెరిపాన్ అనే ఏర్పాటు ఉందని గుర్తు చేయండి. గర్భిణులకూ బాలింతలకూ వైద్యం చేసే డాక్టర్లు దానికి ఫోన్ చేసి, సైకియాట్రిస్టుల సలహా ఉచితంగా తీసుకోవచ్చు.

అత్తగారికి ఇదంతా మీరు ఫోన్‌లో వివరించాల్సిన పని లేదు. అది మీ వారు చెప్పాలి. ఆయన చెప్పాలంటే ముందు ఆయనకు తెలియాలి. అందుకని ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన్నీ రమ్మనండి. మందు మీద ఆయనకున్న ప్రశ్నలన్నీ మీ ఎదుటే డాక్టర్‌ను అడగమనండి. అడగనివ్వండి, మధ్యలో అడ్డుపడకండి. ఆయన అడిగాక మీరు ఒక మాట చెప్పాలి. కాన్పు తర్వాతి ఆ నెలలు మీకు ఎలా గడిచాయో, నాకు ఉత్తరంలో రాసినంత వివరంగా, ఆయనకు ఎప్పుడైనా చెప్పారా? ఉత్తరం చదివితే చెప్పినట్టు అనిపించలేదు. చెప్పలేకపోతే, నాకు పంపిన ఉత్తరంలోని మొదటి రెండు పేజీలు ఆయన చేతికివ్వండి.